పైలం, కార్డేటా

పెళ్ళిచూపులప్పుడు మా పెదనాన్న చెప్పిన మాటలు నాకింకా గుర్తు. "కుర్రాడు జువాలజీ లెక్చరరు. నెమ్మదస్తుడు. కాఫీ తప్ప ఏ అలవాటూ లేదు." అన్నీ నిజాలే. కానీ ఆ నెమ్మదస్తుడు, పెళ్ళాం కోపంతో ఊగిపోతుంటే ఎదురుగా కూర్చుని కోతుల గురించి చెబుతాడని మాత్రం ఎవరూ చెప్పలేదు.

"ఇది నీ కోపం కాదు సుందరీ," అంటారు మా ఆయన. "రెండు లక్షల ఏళ్ళ నాడు ఎక్కడో గుహ ముందు పిల్లల్ని కాచుకుంటూ కూర్చున్న ఒక ఆడమనిషి కోపం. నువ్వు ఊరికే మోస్తున్నావు."

"ఆవిడ మొగుడు కూడా తడి తువ్వాలు మంచం మీదే పడేసేవాడా?" అని అడిగాను ఒకసారి. ఆయన నిజంగానే ఆలోచించారు. అప్పటికి నేతపని ఇంకా మొదలవలేదని చెప్పారు.

ఇలా ముప్పై ఒక్క ఏళ్ళు. బల్లిని చూసి నేను కేకేస్తే అది నా భయం కాదు, డైనోసార్ల కాళ్ళ కింద నక్కి నక్కి తిరిగిన ఎలుకంత పూర్వీకుల భయం. ఆయన దొంగతనంగా రెండో లడ్డూ తింటే అది ఆయన తప్పు కాదు, తీపి దొరకని అడవిలో బతికినవాళ్ళ ఆకలి. మా ఇంట్లో ఏ తప్పూ ఎవరిదీ కాదు. కోతి నుంచి మనిషి కావడానికి అరవై లక్షల ఏళ్ళు పట్టిందంటారు కదా, మనిషి నుంచి మొగుడు కావడానికి ఇంకెన్ని పడుతుందని అడిగితే, "కోతి నుంచి కాదు, కోతికీ మనకీ పూర్వీకుడు ఒకడే, అది వేరు ఇది వేరు" అని సవరిస్తారు. సవరించకపోతే ఆయనకు అన్నం అరగదు.

ఆయన పేరు శ్రీరామమూర్తి. నా పేరు బాలత్రిపురసుందరి, కానీ అంత పొడుగు పేరు పిలిచే ఓపిక ఆయనకు ఎప్పుడూ లేదు. మాది అమలాపురం వైపు. హైదరాబాదు వచ్చిన కొత్తలో మా వైపు వాళ్ళే ఉండే అపార్టుమెంటులో ఉండి, పదకొండేళ్ళ కిందట ఉప్పుగూడలో, స్టేషనుకు మూడు గల్లీల అవతల ఈ ఇల్లు కొనుక్కున్నాం. నాకు ప్రభుత్వాఫీసులో ఇంకా రెండేళ్ళ సర్వీసుంది. ఆయన రిటైరై మూడేళ్ళయింది. పాఠం వినే పిల్లలు లేకపోయేసరికి ఆయన చూపు మా గల్లీ వాట్సాప్ గ్రూపు మీద పడింది.

ఆ గ్రూపు పెట్టుకున్నది నల్లా నీళ్ళ కోసం. నీళ్ళు ఎన్నింటికి వస్తాయి, కరెంటు ఎందుకు పోయింది, చెత్తబండి వచ్చిందా లేదా, అంతే. అందులో మా ఆయన రోజూ పొద్దున్నే "ఉదయ చింతన" అని రెండు పేజీలు పెడతారు. మనిషికి తోక ఎందుకు పోయింది. ఆవలింత ఒకరి నుంచి ఒకరికి ఎందుకు అంటుకుంటుంది. సిగ్గు వేస్తే బుగ్గలే ఎందుకు ఎర్రబడాలి, మోచేతులు ఎందుకు ఎర్రబడవు. దాని కింద ఎవరో ఒకరు "నల్లా వచ్చిందా?" అని అడుగుతారు. ఇంకొకరు రెండు చేతులు జోడించిన బొమ్మ పెడతారు. ఆ బొమ్మ చూసి, తన వ్యాసం చదివి దణ్ణం పెట్టారని ఈయన అనుకుంటారు.

ఈ చింతనల వల్ల ఇన్నాళ్ళూ ఎవరికీ నష్టం లేదు, నాకు తప్ప. పోయిన నెల ఒక మాట దగ్గర కొంప ములిగింది. అది అర్థం కావాలంటే భిక్షపతిగారి గురించి చెప్పాలి.

భిక్షపతిగారు మా ఎదురింటాయన. రైల్వేలో కీమ్యాన్. పొద్దున ఆరు గంటలకు నారింజ రంగు కోటు వేసుకుని, భుజాన సుత్తి, సంచిలో స్పానరూ ఎర్రజెండా పెట్టుకుని బయల్దేరతారు. తన వంతు పట్టాల పొడవునా నడుస్తూ, పట్టాను పట్టి ఉంచే బిగింపులు ఎక్కడైనా వదులైతే సుత్తితో కొట్టి బిగిస్తారు. అందుకోసం రైళ్ళేమీ ఆగవు. అవి వస్తూ పోతూ ఉండగానే చెయ్యాల్సిన పని అది.

మేము ఈ ఇంట్లోకి దిగిన మర్నాటి మాట. మా గేటు ముందు డ్రైనేజీ పైపు కోసం తవ్వి వదిలేసిన గుంత ఉండేది. మా ఆయన పాల ప్యాకెట్టు తీసుకోవడానికి గేటు తీశారు. డ్యూటీకి వెళుతున్న భిక్షపతిగారు గుంత వైపు చెయ్యి చూపించి, "పైలం సారూ!" అన్నారు.

పైలం అంటే ఇక్కడివాళ్ళ మాటలో జాగ్రత్త. చూసుకుని నడువు, భద్రంగా వెళ్ళిరా, ఒళ్ళు కాపాడుకో, ఇవన్నీ ఆ ఒక్క మాటే. మాకప్పటికి ఆ మాట తెలియదు. మా ఆయన చెవికి అది "ఫైలం" అని వినబడింది. జువాలజీలో జంతువులన్నిటినీ కొన్ని పెద్ద వర్గాలుగా విడగొడతారు, ఒక్కో వర్గాన్ని ఫైలం అంటారు. తాను జువాలజీ సారునని ముందురోజు సాయంత్రమే గల్లీ అంతటికీ చెప్పుకుని ఉన్నారు కదా, రైల్వే కీమ్యాన్ తనకు ప్రశ్న వేశాడనుకుని పొంగిపోయారు. పాల ప్యాకెట్టు పైకెత్తి "కార్డేటా!" అని జవాబిచ్చారు.

చేపలూ కప్పలూ పాములూ పిట్టలూ కోతులూ మనమూ, వెన్నెముక ఉన్నవాళ్ళం అందరం వచ్చే వర్గం పేరు కార్డేటా. వెన్నెముక లేనివి కూడా కొన్ని అందులో ఉన్నాయని, నేనిది రాస్తుంటే ఆయన వెనకనుంచి సవరించారు. ఉంటే ఉండనివ్వండి. భిక్షపతిగారికి ఇదంతా తెలియదు. పైలం అంటే ఆంధ్రావాళ్ళు అలా బదులు చెబుతారు కాబోలు అనుకున్నారు. నవ్వి, తల ఊపి, వెళ్ళిపోయారు.

మర్నాడు మళ్ళీ "పైలం సారూ", మళ్ళీ "కార్డేటా". అలా అలవాటైపోయింది.

నెల తిరక్కుండానే మా ఆఫీసులో అటెండరు నాగమణమ్మ, నేను మెట్లు దిగుతుంటే "నీళ్ళు వోసిన్రు, పైలం మేడమ్" అంది. అడిగితే అర్థం చెప్పింది. ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. తర్వాత కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు.

"రేపే భిక్షపతిగారికి చెప్పేయండి," అన్నాను.

"చెబితే ఆ మాట అనడం మానేస్తాడేమో సుందరీ," అన్నారు.

చెప్పలేదు. పోనీ నేనైనా చెప్పానా? లేదు. రాజమండ్రిలో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేసి చెప్పుకుని ఇద్దరం పడీ పడీ నవ్వాం. అందుకని ఈ కథలో నేనేదో శుద్ధపూసనని అనుకోకండి.

కానీ ఆ మాట భిక్షపతిగారికి ఏమిటో నాకు ఆలస్యంగా తెలిసింది. ఒకరోజు మా ఆయనకు జ్వరం వచ్చి లేవలేదు. డ్యూటీకి బయల్దేరిన మనిషి గల్లీ చివరిదాకా వెళ్ళి, వెనక్కి తిరిగొచ్చి, మా కిటికీ దగ్గర నిలబడి "సారూ, పైలం!" అని మూడుసార్లు పిలిచారు. లోపలినుంచి ఈయన మూలుగుతూ "కార్డేటా" అన్నాక గానీ కదల్లేదు. తర్వాత ఆయన భార్య మహేశ్వరి నాతో అంది. "సారు గా మాట అంటే ఆ దినం పట్టాల మీద తనకేం గాదని మా ఆయన నమ్మకం అమ్మా. మస్తు నమ్ముతడు." ఆ రోజు నాకు సిగ్గేసింది. అయినా చెప్పలేదు. అప్పటికే నాలుగేళ్ళు దాటాయి, ఇక చెబితే ఏం బావుంటుంది?

ఇక పోయిన నెల. మా ఆయనకు మెట్లెక్కుతుంటే ఛాతీలో నొప్పి వచ్చింది. పరీక్షలు చేసి మూడు చోట్ల రక్తనాళాలు మూసుకుపోయాయన్నారు. గుండెకు బైపాస్ ఆపరేషన్. నెలాఖరు గురువారానికి ముహూర్తం, ముందురోజు బుధవారం పొద్దున వచ్చి చేరమన్నారు. డాక్టరు మంచివాడు. "భయంగా ఉందా సార్?" అని అడిగాడు. భయం అన్నది మెదడులో బాదం గింజంత భాగం చేసే పని అనీ, పాముల్ని చూసి చూసి అది అలా తయారైందనీ ఈయన పావుగంట చెప్పారు. చెబుతున్నంతసేపూ కుర్చీ చేతిని వదల్లేదు. నేను చూస్తూనే ఉన్నాను.

భయంగా ఉందని చెబితే ఏం పోతుంది? నేను పక్కనే ఉన్నాను కదా, నా చెయ్యి పట్టుకోవచ్చు కదా. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఆ రెండిటిలో ఏది ఏ ఆదిమానవురాలిదో నాకు తెలియదు. రెండూ నావే అనిపించింది.

ఆపరేషన్ ఇంకా రెండు వారాలుందనగా ఒక సోమవారం పొద్దున ఆయన పెట్టిన చింతన పేరు "పేలు చూడటం నుంచి పైలం దాకా". నేను ఆఫీసుకు వెళ్ళి, టీ ముందు పెట్టుకుని చదివాను. కోతులు ఒకదానికొకటి పేలు చూసుకుంటాయి, అది వాటి పలకరింపు. మనిషికి గుంపు పెద్దదై, అందరికీ పేలు చూడటానికి తీరిక లేక, చేతుల బదులు నోటితో పలకరించడం మొదలుపెట్టాడు, అదే మాట. అంతవరకూ బాగానే ఉంది. కోతుల అరుపుల్లో అన్నిటికంటే ముందు పుట్టింది ప్రేమ కాదట, జాగ్రత్త. పాము వస్తే ఒక అరుపు, గద్ద వస్తే ఒక అరుపు. అదీ బాగానే ఉంది. ఆ తర్వాత రాశారు: "మా ఎదురింటి రైల్వే కార్మికుడు పెద్దగా చదువుకోలేదు. జంతువుల వర్గం పేరైన కార్డేటాను ఆంధ్రుల పలకరింపు అనుకుని పదకొండేళ్ళుగా నా నోట వింటున్నాడు. అర్థం లేని మాటతోనే మేమిద్దరం రోజూ పేలు చూసుకుంటున్నాం."

నా టీ అలాగే చల్లారిపోయింది. ఫోన్ చేసి, "వెంటనే తీసెయ్యండి" అన్నాను.

"పన్నెండుమంది నవ్వే బొమ్మలు పెట్టారు సుందరీ! మొదటిసారి అందరూ చదివారు. ఎందుకు తియ్యాలి? అది ఆయన మీద అభిమానంతో రాసింది."

అభిమానమట! ఈ మనిషిని ఏం చెయ్యాలి?

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి భిక్షపతిగారు భుజాన సుత్తితోనే మా గేటు దగ్గర, మా ఆయన ఎదురుగా నిలబడి ఉన్నారు. వాళ్ళమ్మాయి వీణ డిగ్రీ చదువుతోంది, ఆ గ్రూపులో ఉంది. చదివి వినిపించిందట. భిక్షపతిగారి మొహంలో కోపం లేదు. అదుంటే బావుండేది.

"సారూ, ఒక మాట అడుగుత," అన్నారు. "కార్డేటా అంటే పైలంగ పో అని గాదా?"

"కాదు భిక్షపతీ. అది జంతువుల వర్గం. చాలా గొప్ప వర్గం. మనమందరం..."

"నాకు తెల్వదని నీకు ఎప్పటిసంది ఎరుక?"

మా ఆయన అబద్ధం చెప్పరు. అదొక రోగం. "మొదటి నెల నుంచే," అన్నారు.

భిక్షపతిగారు సుత్తిని ఇంకో భుజానికి మార్చుకున్నారు. "మా పెద్ద సారు గుంటూరాయన. పోయినేడు రిటైరై పోతుంటే, దండేసి, అందరి ముంగల 'కార్డేటా సార్' అన్న. ఆయన బిత్తరపోయిండు. కుర్సీలల్ల కూసున్న సార్లందరు నవ్విన్రు. నేను ఖుషీల నవ్వుతున్రు అనుకున్న. ఎందుకు నవ్విన్రో గిప్పుడు సమజైంది." తర్వాత మెల్లగా అన్నారు. "నేను దిల్‌తోని పైలం అన్న సారూ. నువ్వు లోపటికి వోయి నవ్వుకున్నవ్."

"నవ్వు అనేది నిజానికి..." అని మొదలుపెట్టారు మా ఆయన. నేను ఆయన చెయ్యి గట్టిగా గిల్లాను. అప్పటికే భిక్షపతిగారు గల్లీ దాటి వాళ్ళింట్లోకి వెళ్ళిపోయారు.

మర్నాటినుంచి ఆయన మా ముందునుంచి వెళ్ళడం మానేశారు. వాళ్ళింటి వెనక ఇంకో సందు ఉంది, చుట్టు తిరుగుడు, మురికినీళ్ళు. ఆ దారిన వెళుతున్నారు.

మా ఆయన మాత్రం పొద్దున ఆరింటికి గేటు దగ్గరే. పాల ప్యాకెట్టు కోసమంటారు. పాలబ్బాయి అయిదింటికే వేసి వెళతాడు, అవి ఫ్రిజ్‌లో ఉంటాయి. అరగంట నిలబడి, వెనక సందువైపు ఒకసారి చూసి, లోపలికొచ్చి పేపరు తిరగేస్తారు. బీపీ చూస్తే రోజురోజుకీ పైకే. డాక్టరేమో మనసు ప్రశాంతంగా ఉంచుకోమంటాడు. ఒకరోజు నేనే అడిగేశాను. "ఆ మాట వినకుండా ఆపరేషన్‌కి వెళ్ళలేరు కదూ?"

"అలవాటు సుందరీ. మెదడులో ఒక దారి పడుతుంది. రోజూ నడిచిన దారి..."

"అవునా కాదా?"

పేపరు మడిచి "అవును" అన్నారు. అంతే. ఆ తర్వాత ఒక్క ముక్క కూడా చేర్చలేదు. అప్పుడు నాకు నిజంగా భయం వేసింది.

అటువైపు కూడా ఏమీ బాగాలేదు. మహేశ్వరి నల్లా దగ్గర నాతో చెప్పింది. "గా మాట లేకుంటే పట్టాల మీద కాలు వెట్టబుద్ధి అయితలేదంటున్నడమ్మా. అన్నం సక్కగ తింటలేడు. నేనే పోయి మాట్లాడుతనంటే ఊకుంటలేడు. రోషం!"

నాకు విసుగు నెత్తికెక్కింది. మనుషులకు తోక పోయింది, ఒంటిమీది బొచ్చు పోయింది, దవడలు చిన్నవయ్యాయి, చెట్లు దిగి రెండు కాళ్ళమీద నిలబడ్డారు. ఈ రోషం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. ఒకాయనకు అడగడం చేతకాదు, ఇంకొకాయనకు వదలడం చేతకాదు. పాతిక అడుగుల గల్లీకి అటొకరు ఇటొకరు కూర్చుని అన్నాలు మానేస్తున్నారు. ఇంతకంటే పేలు చూసుకునే కోతులే నయం కదా! వాటికి వాట్సాప్ కూడా లేదు.

"వెళ్ళి క్షమించమని అడగండి. రెండే ముక్కలు," అని మా ఆయన్ని బలవంతంగా వాళ్ళింటికి తీసుకెళ్ళాను. మహేశ్వరి కుర్చీలు వేసింది. భిక్షపతిగారు మంచం అంచున కూర్చుని నేల చూస్తున్నారు. ఈయన జేబులోంచి ఒక కాగితం తీశారు. చింపాంజీలు పోట్లాడుకున్నాక తప్పు చేసినది ఎలా చెయ్యి చాపుతుందో, రెండోది ఆ చేతిని ఎలా ముద్దు పెట్టుకుంటుందో, అందులోంచి మనుషుల్లో క్షమాపణ ఎలా పుట్టిందో, మొత్తం చదివారు. చివర్లో చెయ్యి కూడా చాపారు.

భిక్షపతిగారు ఆ చెయ్యిని చూశారు. "పోయిన వారం కోతి. గిప్పుడు చింపాంజీ," అన్నారు భార్యతో, "సారుకు చాయ్ పొయ్యి." లేచి దొడ్లోకి వెళ్ళిపోయారు.

చాయ్ తాగి వచ్చేశాం. దారిలో ఆయన, "చాపిన చెయ్యి కుడిదా ఎడమదా సుందరీ?" అని అడిగారు. నేను గేటు తీసి లోపలికి నడిచాను.

అలా బుధవారం వచ్చింది. ఆరింటికి ఆయన గేటు దగ్గర నిలబడ్డారు. ఎవరూ రాలేదు. ఏడింటికి ఖాజా అనే అతను కారు తెచ్చాడు. బట్టల సంచి, రిపోర్టుల ఫైలు, ఫ్లాస్కు సర్దుకుని ఎక్కాం. ఆయన వెనక సీటులో కూర్చుని ఎదురింటి తలుపు కనబడినంతసేపూ చూశారు. మూడు గల్లీలు దాటామో లేదో, రైల్వే గేటు పడింది.

"రెండు బండ్లున్నయట అమ్మా, ఇటొకటి అటొకటి. పది నిమిషాలు," అని ఖాజా ఇంజన్ ఆపేశాడు.

నేను వాచీ చూసుకుంటున్నాను. పక్కన తలుపు తెరుచుకున్న చప్పుడైంది. తిరిగి చూసేసరికి మా ఆయన దిగిపోయి, ఛాతీమీద చెయ్యి పెట్టుకుని, స్కూటర్ల మధ్యనుంచి గేటు వైపు నడుస్తున్నారు. మెట్లెక్కవద్దు, గబగబా నడవద్దు అని రాసిచ్చిన కాగితం నా చేతిలోనే ఉంది. తిట్టుకుంటూ వెనకాల పరుగెత్తాను.

గేటుకు అవతల, పట్టాల దగ్గర వంగి, నారింజ కోటు వేసుకున్న మనిషి సుత్తితో కొడుతున్నారు. భిక్షపతిగారే.

"భిక్షపతీ!" అని అరిచారు మా ఆయన.

భిక్షపతిగారు తలెత్తారు. మొదటి బండి కూత వినబడి, పట్టా మీదినుంచి తప్పుకుని అవతలి లైను వైపు నిలబడ్డారు.

"ఆ రోజు నేను రాసింది..." అని మా ఆయన మొదలుపెట్టారు. అంతలోనే బండి వచ్చేసింది. ఈయన ఆగలేదు. బండి పోతున్నంతసేపూ మాట్లాడుతూనే ఉన్నారు. నాకొక్క ముక్క వినబడలేదు, కానీ ముప్పై ఒక్క ఏళ్ళు విన్నదాన్ని, చేతులు చూస్తే చాలు. చెయ్యి తల దగ్గరికి వెళితే మెదడు. రెండు చేతులూ దూరంగా చాపితే లక్షల ఏళ్ళు. గాల్లో గోకితే పేలు. ఆఖరి పెట్టె వెళ్ళిపోయేసరికి ఆయన చెప్పడం కూడా అయిపోయింది. గేటు కమ్మీ పట్టుకుని రొప్పుతున్నారు.

"ఏంది సారూ?" అని అవతలినుంచి అరిచారు భిక్షపతిగారు. "బండి సప్పుడుకు ఏం వినరాలె!"

మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టకూడదని నేను దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. అప్పుడే రెండో కూత వినబడింది. రెండో బండి ఇంకోవైపునుంచి, భిక్షపతిగారి వెనక లైను మీద వస్తోంది. ఆయనేమో మొహం మావైపు పెట్టి నిలబడి ఉన్నారు.

"పైలం!" అని మా ఆయన గొంతు చించుకున్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. "పైలం! భిక్షపతీ, పైలం!"

నా పక్కన స్కూటరు మీదున్న ఆవిడ ఉలిక్కిపడింది. భిక్షపతిగారు తాపీగా నాలుగడుగులు వేసి, ఆ లైను దాటి అవతలి పక్కకు జరిగారు. రెండో బండి మా మధ్యనుంచి పోయింది. అది పోయేదాకా మా ఆయన నా భుజం పట్టుకుని ఉన్నారు. కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు ఆయనకు. ఏ కన్నీటి గ్రంథి గురించీ చెప్పలేదు.

బండి వెళ్ళిపోయింది. భిక్షపతిగారు పట్టాలు దాటి గేటు దగ్గరికి వచ్చారు.

"రెండో బండి వస్తదని నాకు ఎరుక లేదా సారూ? ఇరవై ఎనిమిదేండ్ల సర్వీసు," అన్నారు. గొంతు బాగా తగ్గింది. ఈయన మొహం చూశారు, నా చేతిలో రిపోర్టులు చూశారు. "దవాఖానకేనా?"

మా ఆయన తల ఊపారు. నోట మాట లేదు. నిజంగా లేదు. ఆ అద్భుతం నేను కళ్ళారా చూశాను.

"పానం మంచిగ లేని మనిషివి గిట్ల అరుస్తరా? పోయి కారెక్కు. మేడమ్, సారును పట్టుకో."

గేటు లేవడం మొదలైంది. వెనకనుంచి హారన్లు. నేను ఆయన్ని పట్టుకుని కారు దాకా నడిపించాను. ఎక్కించి, తలుపు వేసి, నేను అటు తిరిగి ఎక్కాను. ఖాజా బండి స్టార్టు చేశాడు. పట్టాలు దాటుతుంటే భిక్షపతిగారు మా కిటికీకి దగ్గరగా వచ్చి, సుత్తి భుజం మీదినుంచి దించి, వంగి లోపలికి చూశారు.

"కార్డేటా సారూ," అన్నారు.

మా ఆయన కిటికీలోంచి చెయ్యి చాపారు. ఈసారి భిక్షపతిగారు పట్టుకున్నారు. కారు కదులుతుంటే రెండడుగులు పక్కనే నడిచి వదిలారు.

అవతలి రోడ్డు మీదికి వచ్చాం. ఖాజా అద్దంలోంచి ఒకసారి మమ్మల్ని చూశాడు, ఇంకోసారి చూశాడు. ఇక ఉండబట్టలేక అడిగాడు.

"అమ్మా, గా కార్డేటా అంటే ఏంది?"

"మా వైపు మాట బాబూ," అన్నాను నేను. "పైలంగా వెళ్ళిరమ్మని."

మా ఆయన సవరించడానికి నోరు తెరిచారు. నేను ఆయనవైపు చూశాను. నోరు మూసుకుని కిటికీ వైపు తిరిగారు. చాలాసేపటి తర్వాత, ఆసుపత్రి మలుపు తిరుగుతుంటే, ఖాజాతో అన్నారు.

"అవును. మా వైపు మాటే."